న్యూకాసిలుకు బొగ్గులు

ఒక భాషలోని నుడికారమును మరియొక భాషలోనికి తెచ్చుట పదములను మార్చినంత సులభము కాదు. ‘క్యారీ కోల్స్ టు న్యూకాసిల్’ అను ఆంగ్లపు పలుకుబడి ఇందుకు చక్కని ఉదాహరణము. ‘న్యూకాసిలుకు బొగ్గులు మోయుట’ అని ముక్కకు ముక్క తెనిగించినచో విద్యార్థికి అందునది బరువే గాని భావము కాదు.

న్యూకాసిల్ ఈశాన్య ఇంగ్లండులో టైన్ నది ఒడ్డున నున్న పట్టణము. చుట్టుపట్ల గనుల బొగ్గు శతాబ్దములపాటు అచ్చట ఓడల కెక్కి లండను పొయ్యిలకు చేరెడిది. అట్టి ఊరికి దూరమునుండి బొగ్గు తెచ్చువాని సరకు ఎవరికి కావలెను? ఒక వస్తువు సమృద్ధిగా నున్నచోటికే దానిని చేరవేయు వ్యర్థప్రయాసమని దీని అర్థము. 1662లో వెలువడిన థామస్ ఫుల్లర్ గ్రంథములోనే దీనికి వివరణ మున్నది.

ప్రయోగమున రెండు మెలకువలు కలవు. ‘కోల్స్’ అను బహువచనమును మార్చరాదు. క్రియను విడిచి ‘కోల్స్ టు న్యూకాసిల్’ అన్నను చాలును. రెండవది, తెలిసినవానికే బోధించు సందర్భమున దీనిని వాడరాదు. అచ్చట ఆంగ్లేయులకు ‘అమ్మమ్మకు గ్రుడ్డు పీల్చుట నేర్పుట’ ఉన్నది. మనకు ‘తాతకు దగ్గులు నేర్పుట’ ఉన్నది.

ఇక తెలుగు సేత. ‘గుంటూరుకు మిరపకాయలు మోసినట్లు’ అనుట చాలమందికి తోచును. కాని పల్నాటిలోని నూజెండ్ల వంటి ఊరి బడిలో ఆ మాట అన్నచో పిల్లలు తెల్లబోదురు. ఈ సీమలో పండిన మిర్చి గుంటూరు యార్డుకే పోవును. అది వ్యర్థప్రయాసము కాదు. ఇంటిల్లిపాది ఏడాది కష్టమునకు ఫలము. నిజమునకు టైన్ తీరపు గనివారికిని న్యూకాసిలుకు బొగ్గు తోలుట బ్రతుకుతెరువే. సామెత ఎత్తిపొడుచునది అమ్మవచ్చిన పైవానిని. కావున పల్నాటి విద్యార్థికి ‘పిడుగురాళ్లకు సున్నము మోసినట్లు’ అని చెప్పిన చాలును. సున్నపు బట్టీలకు పేరుపడిన ఆ ఊరి నెరిగినవానికి వేరు వ్యాఖ్యానము అక్కరలేదు. కోనసీమ పిల్లలకైనచో కొబ్బరికాయ ఉండనే ఉన్నది.

ఈశాన్య ఇంగ్లండులోని చివరి లోతుగని యగు ఎలింగ్టన్ 2005లో మూతపడినది. గనులు పోయినను నుడి నిలిచినది. బొగ్గు త్రవ్వని సీమకు బొగ్గు సామెత ఎట్లు వచ్చెనని విద్యార్థి అడుగవచ్చును. అర్థముతోపాటు ఆ కథను గూడ చెప్పినప్పుడే పాఠము పూర్తియగును.