ఎండోమెట్రియోసిస్ నొప్పి.. ప్రశ్నలు తెలుగులోకి మారిస్తే సరిపోదు!

పునరుత్పత్తి వయసు మహిళల్లో దాదాపు 10 శాతం మందికి ఎండోమెట్రియోసిస్ ఉందని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. నొప్పి ఉన్నా పనులు చేసుకోగలనన్న నమ్మకం వాళ్లకు ఎంతుంది? ఇది కొలిచేందుకు ఆస్ట్రేలియా సైకాలజిస్ట్ మైఖేల్ నికోలస్ రూపొందించిన ప్రశ్నావళి వాడొచ్చు. 10 అంశాలు.. ఒక్కోదానికి 0 నుంచి 6 మార్కులు, మొత్తం 60. స్కోరు పెరిగితే ధీమా ఎక్కువున్నట్టు.

అయితే తెలుగులోకి మార్చేస్తే పనైపోదు. అనువాదాన్ని వేరొకరు మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పి, అర్థం మారిందేమో చూడాలి. 'పని' అనగానే నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిలలో పొలానికి వెళ్లే మహిళకు కూలిపనే గుర్తొస్తే, ఇంటిచాకిరీ లెక్కలోకి రాదు. అందుకే ఈ జబ్బు ఉన్నవాళ్లనే అడిగి చూడాలి. నొప్పి పరిస్థితి మారకపోతే, కొన్నాళ్లకు మళ్లీ అడిగినా స్కోరు ఇంచుమించు అంతే రావాలి. లేదంటే ప్రశ్న అర్థంకాక తగ్గిన మార్కులు, ధైర్యం లేనట్టు కనిపిస్తాయి.