అందరూ చదవాల్సిన ఫైలు

1960లలో అమెరికాలోని ఎంఐటీలో, ఒకే పెద్ద కంప్యూటర్‌ను ఎందరో ఒకేసారి వాడుకునేందుకు సీటీఎస్ఎస్ అనే వ్యవస్థ ఉండేది. ఒకరోజు లాగిన్ అయిన ప్రతివారి టెర్మినల్ మీదా, ఆనాటి ప్రకటన రావలసిన చోట, అందరి పాస్‌వర్డ్‌లూ అచ్చయ్యాయి. ఆ సమయంలో ఒక నిర్వాహకుడు పాస్‌వర్డ్‌ల పట్టికను దిద్దుతుంటే, మరొకరు ప్రకటనను దిద్దుతున్నారు. ఎడిటర్ ఇద్దరికీ ఒకే పేరుతో తాత్కాలిక ఫైలు తెరవడంతో రెండూ తారుమారయ్యాయి. తప్పు ఆ ఇద్దరిదీ కాదు. ఒక డైరెక్టరీలో ఒక్కరే పనిచేస్తారనుకుని రాసిన ఎడిటర్ అది.

ఈ ఉదంతాన్ని బెల్ ల్యాబ్స్ పరిశోధకులు రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ఒక పరిశోధనా పత్రంలో ప్రస్తావించారు. వాళ్ల చేతిలోనూ అలాంటి పట్టికే ఉంది మరి. బెల్ ల్యాబ్స్‌లో 1969లో థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు 1971లో తొలి మాన్యువల్ వచ్చింది. ఎట్సీ డైరెక్టరీలోని పాస్‌వర్డ్ ఫైలు అప్పటికే అందులో ఉంది. యంత్రం మొత్తానికి వర్తించే సెట్టింగులు ఆ డైరెక్టరీలోనే పోగయ్యాయి. పాస్‌వర్డ్ ఫైలులో మనిషికొక వరుస. పేరు, గుర్తింపు సంఖ్య, సొంత డైరెక్టరీ వంటివి కోలన్లతో విడదీసి ఉంటాయి.

మొదట్లో అసలు పాస్‌వర్డ్‌లే అందులో ఉండేవి కాబట్టి ఫైలును గట్టిగా కాపాడేవారు. తర్వాత వాటిని గుప్తీకరించి, చదివే వీలు అందరికీ ఇచ్చారు. ఇవ్వక తప్పదు కూడా. ఏ ఫైలు ఎవరిదో యునిక్స్ సంఖ్యతోనే గుర్తుంచుకుంటుంది. ఆ సంఖ్య పక్కన పేరు చూపాలంటే, ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్ఎస్ కమాండ్ ఈ పట్టికనే వెతకాలి.

గుప్తీకరణకు మొదట రెండో ప్రపంచ యుద్ధకాలపు ఎం-209 గుప్తలేఖన యంత్రాన్ని ప్రోగ్రామ్‌తో అనుకరించారు. ఆ ప్రోగ్రామ్ మరీ చురుకైనది. పీడీపీ-11/70 కంప్యూటర్ మీద ఒక్కో ప్రయత్నానికి 1.25 మిల్లీసెకన్లు చాలు. నాలుగు చిన్న ఇంగ్లిష్ అక్షరాల పాస్‌వర్డ్‌లన్నిటినీ పది నిమిషాల్లో పరీక్షించేయవచ్చు. అందుకని కొత్త పద్ధతిని కావాలనే నెమ్మదిగా పనిచేసేలా రాశారు. డీఈఎస్ అనే గుప్తీకరణ పద్ధతిని వరసగా 25 సార్లు నడిపి, ‘ఉప్పు’ అని పిలిచే 4,096 అదనపు విలువల్లో ఏదో ఒకదాన్ని కలిపారు. దాంతో ఇద్దరు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నా ఫైలులో దాదాపు ఎప్పుడూ వేర్వేరుగానే కనిపిస్తుంది. వేగం కోసమే అందరూ పాటుపడే రంగంలో నెమ్మదినే కాపలాగా నిలబెట్టారు. యునిక్స్ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇదే.

1980ల చివరికి యంత్రాలు ఆ నెమ్మదిని కూడా మించిపోయాయి. గుప్తీకరించిన పాస్‌వర్డ్‌లను షాడో అనే వేరే ఫైలుకు మార్చి, దాన్ని చదివే హక్కును మామూలు వాడుకరులకు లేకుండా చేశారు. పాత ఫైలులో వాటి చోట ఒక ఎక్స్ అక్షరం పెట్టారు. ఎందుకంటే ఆ గడిని పూర్తిగా తీసేస్తే, గడులు లెక్కపెట్టుకుని చదివే పాత ప్రోగ్రాములన్నీ తడబడతాయి.

ఇద్దరు ఒకేసారి దిద్దితే వచ్చే, ఎంఐటీలో లాంటి తికమకను ఆపేందుకు బర్క్‌లీ యునిక్స్‌లో వీఐపీడబ్ల్యూ అనే కమాండ్ వచ్చింది. ఒకరు పట్టికను దిద్దుతుండగా మరొకరు అదే కమాండ్ నడిపితే అది ఒప్పుకోదు. మార్పులన్నీ పక్కనున్న నకలులోనే జరుగుతాయి. పని పూర్తయ్యాక ఆ నకలు పేరు మార్చుకుని ఒక్కసారిగా అసలు ఫైలు స్థానంలోకి వస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో లాగిన్ అయ్యేవారికి పాత పట్టికో కొత్త పట్టికో దొరుకుతుంది గానీ, సగం రాసినది దొరకదు.