ఇనువిక్‌లో నడిరాత్రి గ్రహణం.. హైదరాబాద్‌లో పట్టపగలు

2021 నవంబరు 19, శుక్రవారం. హైదరాబాద్‌లో మధ్యాహ్నం 2 గంటల 33 నిమిషాలు. జుమా నమాజు ముగించుకుని జనం ఇళ్లకో దుకాణాలకో చేరిన వేళ. సరిగ్గా అదే నిమిషంలో కెనడా ఉత్తర కొసన ఉన్న ఇనువిక్ అనే ఊళ్లో రాత్రి 2 గంటల 3 నిమిషాలు. అక్కడి ఆకాశంలో చంద్రుడి వ్యాసంలో 97 శాతం భూమి నీడలో మునిగిపోయింది. ఒక అంచున సన్నటి వెలుగు మాత్రమే మిగిలింది. మిగతా బింబమంతా రాగి రంగు.

మరి మనకు ఎందుకు కనిపించలేదు? సమాధానం సులువే. సూర్యుడికీ చంద్రుడికీ మధ్యకు భూమి వచ్చినప్పుడు ఆ నీడ చంద్రుడి మీద పడుతుంది. చంద్రగ్రహణం అంటే అంతే. అది అందరికీ ఒకే క్షణంలో జరుగుతుంది. కానీ ఆ క్షణంలో చంద్రుడు ఎవరి ఆకాశంలో ఉంటే వాళ్లకే కనిపిస్తుంది. మన దగ్గర అప్పుడు పగలు. దేశంలో అరుణాచల్ ప్రదేశ్, అస్సాంలోని ఈశాన్య కొసన ఉన్నవారికే సాయంత్రం చంద్రోదయం వేళ గ్రహణం చివరి ఘట్టం కాసేపు కనిపించే వీలు కలిగింది.

ఉత్తరాది ప్రత్యేకత

ఇనువిక్ ఆర్కిటిక్ వలయానికి సుమారు 200 కిలోమీటర్లు పైన ఉంటుంది. జనాభా మూడు వేల పైచిలుకు. అక్కడ డిసెంబరు మొదటి వారంలో అస్తమించిన సూర్యుడు మళ్లీ జనవరి మొదటి వారం దాకా ఉదయించడు. నవంబరు మూడో వారానికే పగలు నాలుగు గంటలకు కాస్త ఎక్కువ, అంతే.

ఇక్కడే ఒక తమాషా ఉంది. నిండు చంద్రుడు ఎప్పుడూ సూర్యుడికి ఎదురుగా ఉంటాడు. అందుకే చలికాలంలో సూర్యుడు ఎంత కిందికి జారితే నిండు చంద్రుడు అంత పైకి ఎక్కుతాడు. ఆ రోజు ఇనువిక్‌లో చంద్రుడు దాదాపు 20 గంటలు ఆకాశంలోనే ఉన్నాడు. గ్రహణం గరిష్ఠానికి చేరినప్పుడు దక్షిణాన సుమారు 40 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. ఎండాకాలంలో దీనికి తలకిందులు. సూర్యుడు అస్తమించడు, నిండు చంద్రుడు అసలు పైకే రాడు.

ఆ గ్రహణం పాక్షిక దశ రాత్రి 12 గంటల 19 నిమిషాలకు మొదలై 3 గంటల 47 నిమిషాలకు ముగిసింది. మొత్తం 3 గంటల 28 నిమిషాలు. 1440 తర్వాత ఇంత సుదీర్ఘమైన పాక్షిక చంద్రగ్రహణం రాలేదు. కారణం, చంద్రుడు అప్పుడు భూమికి దూరంగా ఉన్నాడు. దూరంలో ఉన్నప్పుడు నడక నెమ్మది, నీడ దాటడానికి టైమ్ ఎక్కువ పడుతుంది. ఇక మబ్బు లేకపోతే దీన్ని మామూలు కళ్లతోనే చూడొచ్చు. సూర్యగ్రహణంలా కళ్లకు ప్రమాదం లేదు. ఇనువిక్‌లో అయితే చలి మాత్రం తప్పదు. నవంబరులో సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉండటం మామూలే.

అక్కడా ఒక మసీదు

ఈ ఊళ్లో 2010 నవంబరు నుంచి ఒక మసీదు కూడా ఉంది. విన్నిపెగ్‌లో కట్టి, రోడ్డు మీద కొంత దూరం, మెకంజీ నదిలో బార్జి మీద మిగతా దూరం, దాదాపు 4,000 కిలోమీటర్లు తీసుకొచ్చి నిలబెట్టారు.

గ్రహణం వేళ చదివే నమాజుకు సలాతుల్ ఖుసూఫ్ అని పేరు. హనఫీ పద్ధతిలో చంద్రగ్రహణానికి ఎవరికి వారు ఇంట్లోనే చదువుకుంటారు, మరికొందరు జమాఅత్‌తో చదువుతారు. గ్రహణం తమ దగ్గర కనిపించినవారికే ఈ నమాజు అని ఉలమా చెబుతారు. అంటే ఆ రోజు అది ఇనువిక్ వాళ్లకే గానీ హైదరాబాద్ వాళ్లకు కాదు.

భయం మాత్రం ఎందుకు?

గ్రహణం వార్త టీవీలో వస్తే చాలు, మన ఇళ్లలోనూ కడుపుతో ఉన్న కోడలిని కదలకుండా పడుకోబెట్టడం, కత్తి ముట్టుకోవద్దనడం, అన్నం నీళ్లు ఆపేయడం ఉంది. లేకపోతే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని పెద్దల భయం. నిజానికి బిడ్డ పెదవి గర్భం 4 నుంచి 7 వారాల మధ్యే రూపుదిద్దుకుంటుంది. ఏడో నెలలో వచ్చే గ్రహణం దాన్ని చీల్చలేదు. వంశపారంపర్య కారణాలు, తల్లికి ముందే ఉన్న షుగర్, పొగ తాగడం, కొన్ని మందులు ఈ ముప్పును పెంచుతాయని వైద్యులు గుర్తించారు. ఆ జాబితాలో చంద్రుడు లేడు.

మదీనాలో ప్రవక్త ముహమ్మద్ (స) కుమారుడు ఇబ్రాహీం చనిపోయిన రోజే సూర్యగ్రహణం వచ్చింది. ఆ మరణం వల్లే అని జనం అనుకుంటే, ఎవరి చావు పుట్టుకల కోసమూ గ్రహణం పట్టదని ఆయన స్పష్టం చేశారు. చేయమన్నది దుఆ, నమాజు. అన్నం మానమని కాదు.

కాబట్టి ఈసారి గ్రహణం వార్త వచ్చినప్పుడు ముందు చూడాల్సింది అది మన ఊళ్లో కనిపిస్తుందా లేదా అని. కనిపిస్తే పిల్లలను మేడ మీదకు తీసుకెళ్లి చూపించండి. కనిపించినా కనిపించకపోయినా, కడుపుతో ఉన్న ఆడబిడ్డకు అన్నం, నీళ్లు, మాత్రలు రోజూ ఇచ్చే టైమ్‌కే ఇవ్వండి.