పేరు నిలిచిన చాలునా? – గొల్లభామ చీర, ఆసు యంత్రము

నేత చీరల మర్మము తెలిసిన వారికి సిద్దిపేట అనగానే గొల్లభామ గుర్తుకు వచ్చును. తలపై కుండ నిలుపుకొని నడచు గొల్లపడుచు బొమ్మ ఆ నూలు చీరకు గుర్తు. ఆ బొమ్మ అద్దకము కాదు, కుట్టుపని కాదు. పడుగు పేకల నడుమ రంగునూలును అదనపు పేకగా చొప్పించుచు, బట్ట నేయుచుండగనే బొమ్మను కూడ నేయుదురు. అందుచేత ఒక్క పోగు తప్పినను భామ నడుము వంకర పోవును. నేతగాని కంటికి, వ్రేళ్ళకు ఏకాగ్రత చెదరరాదు.

ఈ చీరకు 2012 నాటికి ప్రభుత్వ దస్త్రములలో ఒక ప్రత్యేక స్థానము లభించినది. "మన గొల్లభామకు పేటెంటు వచ్చినది" అని జనులు వాడుకగా చెప్పుకొందురు. మాట వాడుకలో చెల్లినను, అర్థములో చెల్లదు. వచ్చినది పేటెంటు కాదు, భౌగోళిక సూచిక. రెండును బుద్ధిబలమునకు చట్టము కల్పించు రక్షణలే. కాని ఒకటి కొత్తదానికి, మరియొకటి పాతదానికి. ఈ భేదము తెలిసిననే గాని, గొల్లభామకు కలిగిన మేలెంతయో, ఇంకను కలుగవలసిన మేలేదియో తెలియదు.

పేటెంటు అను మాటకు మూలము లాటిను భాషలోనిది. దాని అర్థము తెరచియుండుట. రాజముద్ర వేసి, అందరును చదువుకొనుటకు వీలుగా తెరచి యుంచిన పత్రమును ఐరోపాలో ఆ పేర పిలిచిరి. ఇంగ్లండులో 1624లో వచ్చిన శాసనము కొత్త వస్తువును కనిపెట్టినవానికి 14 ఏండ్ల ప్రత్యేకాధికారమును ఇచ్చెను. ఆ కాలమున శిష్యుడు గురువు కడ పని నేర్చుటకు 7 ఏండ్లు పట్టెడిది. రెండు తరముల శిష్యులకు విద్య గరపునంత కాలము గనుక 14 ఏండ్లు నిర్ణయించిరని చెప్పుదురు. ఈ విషయము ఉపాధ్యాయులు ప్రత్యేకించి గమనింపదగినది. పేటెంటు పుట్టుకలోనే చదువు చెప్పుట అను ధర్మము ఇమిడియున్నది.

మన దేశమున ఇట్టి చట్టము మొదట 1856లో వచ్చెను. ఆ యేడే కలకత్తాలోని జార్జి ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్ అను ఇంజనీరు పంకాను లాగు యంత్రమునకు ప్రత్యేకాధికారమును పొందెను. ఇప్పుడు అమలునందున్నది 1970 నాటి చట్టము. తరువాత పలుమారులు సవరింపబడినది. దాని ప్రకారము పేటెంటు దరఖాస్తు పెట్టిన నాటినుండి 20 ఏండ్లు చెల్లును. వస్తువు కొత్తది కావలెను. ఆ పని తెలిసినవానికి సులభముగా తోచునది కారాదు. పరిశ్రమకు పనికిరావలెను. తరతరాలుగా ప్రజలకు తెలిసియున్న జ్ఞానమునకు పేటెంటు ఈయరాదు. పసుపు గాయమును మాన్పునని అమెరికాలో 1995లో ఒక పేటెంటు ఇచ్చిరి. అది మన ఇండ్లలో ఎప్పటినుండియో ఉన్న చిట్కాయేనని భారత శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి పాత గ్రంథములను చూపి వాదించెను. 1997లో ఆ పేటెంటు రద్దయ్యెను. ఈ కారణము చేతనే గొల్లభామకు పేటెంటు రాదు. ఆమె వయస్సే ఆమెకు అడ్డు.

మరి నేతపనిలో పేటెంటుకు తగినది ఏది? సిద్దిపేటకు దక్షిణమున, పొరుగున ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు ప్రాంతమున దానికి చక్కని ఉదాహరణము కలదు. అక్కడి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము ఆరవ తరగతితో చదువు మానిన నేతబిడ్డ. పోచంపల్లి తరహా చిటికి చీరలకు రంగులద్దుటకు ముందు, నూలును అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల చుట్టు త్రిప్పి ఆసు పోయవలెను. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మార్లు అటునిటు ఆడవలెను. 4, 5 గంటలు పట్టును. ఈ పని సాధారణముగ ఇంటి స్త్రీలది. మల్లేశము తల్లి లక్ష్మమ్మ భుజము నొప్పితో బాధపడుచు ఆ పని చేయుచుండెడిది. ఆ బాధను చూడలేక ఆయన 1992లో యంత్రము చేయ పూనుకొని, 1999లో పూర్తి గావించెను. 4, 5 గంటల పని గంటన్నరకు దిగివచ్చెను. తల్లి పేరు పెట్టిన ఆ లక్ష్మీ ఆసు యంత్రమునకు ఆయన తరువాత పేటెంటు పొందెను. 2017లో భారత ప్రభుత్వము పద్మశ్రీతో సత్కరించెను. కలకత్తా పంకా యంత్రమునకును, శారాజీపేట ఆసు యంత్రమునకును నడుమ దాదాపు నూటయేబది ఏండ్ల దూరమున్నను, రెండింటికిని మూలము ఒక్కటే: అలసిన చేయి.

పేటెంటులో ఒక ఒప్పందమున్నది. "నీ రహస్యమును దాచక వ్రాసి ఇమ్ము, కొంతకాలము దానిపై ఫలము నీదే" అని ప్రభుత్వము అనును. పని తెలిసిన మరియొకడు చదివి చేయగలుగునంత స్పష్టముగా కనిపెట్టినవాడు తన పద్ధతిని వివరింపవలెను. గడువు తీరగనే ఆ విద్య లోకమందరిది. పత్రము చచ్చినను విద్య బ్రతుకును.

భౌగోళిక సూచిక తీరు వేరు. ఒక వస్తువునకు గల గుణముగాని, పేరుప్రతిష్ఠలుగాని అది పుట్టిన చోటువలన కలిగినచో, ఆ చోటి పేరును ఇతరులు వాడుకొనకుండ కాపాడునది ఇది. ఇందుకు 1999లో చట్టము చేయబడి, 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోనికి వచ్చెను. నమోదు కార్యాలయము చెన్నైలో కలదు. దేశమున మొదట నమోదైనది డార్జిలింగు తేయాకు. పోచంపల్లి చిటికి నేతయు తొలినాళ్ళలోనే చోటు సంపాదించెను. ఈ హక్కు ఒక వ్యక్తి సొత్తు కాదు. ఉత్పత్తిదారుల సంఘముగాని, వారి మేలు కోరు సంస్థగాని పొందవలెను. దీనిని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు. పదేండ్లకొకమారు రుసుము చెల్లించి పునరుద్ధరించుకొనుచు ఎంతకాలమైనను నిలుపుకొనవచ్చును. అయితే ఆ పేరుతో సరకు నేయు ప్రతి నేతగాడును అధికృత వినియోగదారుగా తన పేరును వేరుగా నమోదు చేయించుకొనవలెను. సంఘము చేతిలోని పత్రము ఒకటి, నేతగాని చేతిలోని పత్రము మరియొకటి. రెండవది లేనిచో మొదటిదాని ఫలము మగ్గము దాకా రాదు.

ఇక్కడనే చిక్కు ఉన్నది. పేటెంటు కాలము తీరి పోవును, విద్య మిగులును. భౌగోళిక సూచికలో పత్రము మిగిలి విద్య పోవచ్చును. దరఖాస్తులో నేత విధానమును ఎంత వివరముగ వ్రాసినను, ఆ కాగితము చదివి ఎవడును గొల్లభామను నేయలేడు. అది కూర్చుండి, చూచి, తప్పులు చేసి, సంవత్సరముల తరబడి నేర్చు విద్య. నేడు సిద్దిపేటలో ఆ బొమ్మను నేయగలవారు కొద్దిమందియే. వారిలోను ఎక్కువమంది పెద్దవయస్సువారు. అచ్చు వేసిన నకలు బట్టపై చట్టము విరుచుకుపడగలదు గాని, ఖాళీ అయిన మగ్గము ముందు ఒక కుఱ్ఱవానిని కూర్చుండబెట్టలేదు. కూర్చుండుటకు తగిన కూలి గిట్టవలెను, నేర్పుటకు ఒకరుండవలెను.

2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు చేర్యాల కూడ ఇందులో చేరినది. చేర్యాల నకాశీ బొమ్మలకును భౌగోళిక సూచిక కలదు. గంజి, సుద్ద, చింతగింజల పిండి పూసిన ఖద్దరు బట్టపై కథలను వరుసగా చిత్రించిన పొడవైన పటములవి. వాటిని చూపుచు కథలు చెప్పు కులములు ఉండెడివి. పద్మశాలీలకు మార్కండేయ పురాణమును కూనపులివారు పటము పట్టి చెప్పెడివారు. అనగా ఒక పల్లెలో నేతగాడు, చిత్రకారుడు, కథకుడు ఒకరికొకరు ఆధారము. కథ వినువారు తగ్గగా పెద్ద పటములకు గిరాకి తగ్గెను. అప్పుడు చిత్రకారులు చిన్న పటములను, ముఖపు బొమ్మలను చేయనారంభించి, ఇంటిలోని పిల్లలకును బయటివారికిని పని నేర్పిరి. ఆ కళను ఇంతవరకు నిలిపినది పత్రము మాత్రమే కాదు; కొత్త కొనుగోలుదారును వెదకుకొనుటయు, విద్యను చేతులు మార్చుటయును.

రాష్ట్ర ప్రభుత్వము కొత్తపోకడలను ప్రోత్సహించుటకు 2017లో ఇన్నోవేషన్ సెల్లును నెలకొల్పెను. 2019 నుండి "ఇంటింటా ఇన్నోవేటర్" అను కార్యక్రమము క్రింద రైతులు, విద్యార్థులు, గృహిణులు చేసిన కొత్త పరికరములను స్వాతంత్ర్య దినమున జిల్లాలలో ప్రదర్శించుచు వచ్చిరి. ఇది మెచ్చదగిన పని. మల్లేశము వంటివారు మరికొందరు ఇట్టి ప్రదర్శనలనుండి రావచ్చును. అయితే గొల్లభామ నేతలోను ఒక మల్లేశమునకు పని యున్నది. బొమ్మ నేయుటకు పట్టు శ్రమలో ఏది నేర్పు, ఏది వట్టి అలసట అని విడదీసి చూడవలెను. నేర్పును చేతికి వదలి, అలసటను యంత్రమునకు అప్పగించిన నాడు కూలి గిట్టును. ఆసు యంత్రము చేసినది అదియే. అది చిటికి నేతను మాన్పలేదు. తల్లి భుజమును మాన్పినది.

పాఠశాలలో ఈ విషయము చెప్పదలచిన ఉపాధ్యాయునకు ఒక చిన్న అభ్యాసము చాలును. పిల్లలను తమ ఊరిలోని పనిముట్లను, వంటకములను, బొమ్మలను, బట్టలను పట్టికగా వ్రాయుమనవలెను. ఏది కొత్తది, ఏది పాతది, ఏది ఒకరిది, ఏది ఊరందరిది అని విభజింపుమనవలెను. కడపట ఒక వరుస చేర్చవలెను: దీనిని చేయగలవారు మన ఊరిలో ఎందరు, వారికడ ఇప్పుడు నేర్చుకొనుచున్నవారు ఎందరు? సిద్దిపేట పిల్లలు ఆ వరుసలో గొల్లభామ యెదుట వ్రాయు అంకె, చెన్నైలోని దస్త్రము చెప్పజాలని నిజమును చెప్పును.