చెరువు గట్టు మీద నుంచి సముద్రం బడికి

మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం ఉంది. రైల్వే స్టేషన్ ఉంది, వ్యవసాయ మార్కెట్ ఉంది, ఉప్పునీటి చుక్క మాత్రం లేదు. చెరువును చూసి ‘సముద్రం’ అని పిలుచుకునే నేల మనది. ఆ పేరు పలుకుతూ పెరిగే పిల్లలకు అసలు సముద్రమే బడి అయితే ఎలా ఉంటుంది? అలాంటి బళ్లు లోకంలో నిజంగానే ఉన్నాయి. ఓడ మీద దేశాలు తిరుగుతూ పాఠాలు వింటారు, పరీక్షలు రాస్తారు, చదువులో లెక్కకొచ్చే క్రెడిట్లు తెచ్చుకుంటారు. ఆ విశేషాలు కొన్ని, మన జనగామ, మానుకోట (మహబూబాబాద్), భూపాలపల్లితో కలిపి.

జనగామ, విశాఖ ఒకే గీత మీద
జనగామ, విశాఖపట్నం రెండూ ఇంచుమించు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. జనగామ నుంచి తూర్పు తప్పకుండా పోతే చేరేది విశాఖ తీరానికే. అక్కడ పొద్దు మనకంటే దాదాపు 16 నిమిషాలు ముందు పొడుస్తుంది. రేఖాంశం ఒక డిగ్రీ జరిగితే 4 నిమిషాల తేడా వస్తుంది. ప్రపంచం చుట్టే ఓడలో గడియారాన్ని మళ్లీ మళ్లీ సరిచేసేది ఈ లెక్కతోనే.

పిడికిలే పరికరం
చీకటి పడ్డాక చెరువు దక్షిణపు గట్టు మీద నిలబడి, నీళ్ల మీదుగా ఉత్తరం వైపు చూడండి. చేయి బారుగా చాచి పిడికిలి బిగించండి. ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. నీటి అంచు మీద ఒక పిడికిలి, దాని మీద ఇంకో పిడికిలి పెట్టండి. రెండోది పూర్తి కాకముందే ధ్రువ నక్షత్రం తగులుతుంది. ఆ ఎత్తే ఇంచుమించు మన ఊరి అక్షాంశం. జనగామలో 17.7, భూపాలపల్లిలో 18.4. నడిసముద్రంలో నావికులు శతాబ్దాలుగా ఈ చుక్కతో తాము ఏ అక్షాంశం మీదున్నదీ తెలుసుకున్నారు.

21,600 ఎందుకు?
అక్షాంశంలో డిగ్రీకి 60 నిమిషాలు. ఒక్కో నిమిషం దూరమే ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. భూమి చుట్టూ 360 డిగ్రీలు కనుక 360ని 60తో హెచ్చవేస్తే 21,600 వస్తుంది; భూమి చుట్టుకొలత సుమారు అన్ని నాటికల్ మైళ్లు. మానుకోట కంటే భూపాలపల్లి ఉత్తరానికి సుమారు 50 నాటికల్ మైళ్లు పైన ఉంది. వేగాన్ని చెప్పే ‘నాట్’ అంటే ముడి. తాడుకు వరసగా ముళ్లు వేసి నీళ్లలోకి వదిలి, లెక్కపెట్టిన కాసేపట్లో ఎన్ని ముళ్లు చేతిలోంచి జారాయో చూసి ఓడ వేగం చెప్పేవారు.

ఆ 21,600 మైళ్లూ చుట్టిన మనమ్మాయిలు
2017 సెప్టెంబరు 10న ఐఎన్ఎస్‌వీ తారిణి అనే 55 అడుగుల తెరచాప పడవ గోవా నుంచి కదిలింది. భారత నావికాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులే దాని సిబ్బంది. వాళ్లలో పి. స్వాతిది విశాఖపట్నం, బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాద్. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫాక్‌లాండ్స్, దక్షిణాఫ్రికా మీదుగా ప్రపంచాన్ని చుట్టి, 254 రోజుల యాత్ర ముగించి 2018 మే 21న గోవా చేరారు. పసిఫిక్‌లో తుపాను గాలుల్నీ, నావికులు హడలిపోయే కేప్ హార్న్‌నూ దాటారు. సముద్రం లేని హైదరాబాద్ నుంచి ఒకరు వెళ్లగలిగితే, జనగామ నుంచి ఎందుకు వెళ్లలేరు?

తేలే విశ్వవిద్యాలయం
1926 సెప్టెంబరులో దాదాపు 500 మంది విద్యార్థులతో ‘రిండాం’ అనే ఓడ అమెరికాలోని హొబోకెన్ రేవు నుంచి ప్రపంచయాత్రకు బయలుదేరింది. ఆలోచన న్యూయార్క్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జేమ్స్ లఫ్‌ది. 1963లో మొదలైన మరో ప్రయత్నమే నేటి ‘సెమిస్టర్ ఎట్ సీ’. సముద్రం మీద ఉన్న రోజుల్లో తరగతులు, రేవు చేరిన రోజుల్లో ఆ ఊరే పాఠం. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ లాంటివి ఈ చదువుకు క్రెడిట్లు ఇస్తూ వచ్చాయి.

విమానాలు ఆగితే తెరచాపే దిక్కు
2020లో కొవిడ్ వల్ల విమాన ప్రయాణాలు స్తంభించాయి. కరేబియన్‌లో ఓడ మీద చదువుకుంటున్న 25 మంది డచ్ పిల్లలకు ఇంటికి చేరే దారి లేకపోయింది. ‘వైల్డ్ స్వాన్’ అనే తమ తెరచాప ఓడలోనే అట్లాంటిక్ దాటారు. ఐదు వారాలు, సుమారు 7,000 కిలోమీటర్లు! ఏప్రిల్ 26న నెదర్లాండ్స్‌లోని హార్లింగెన్ రేవులో దిగారు.

కసరత్తు కాపాడింది
కెనడాలో 1984లో మొదలైన ‘క్లాస్ అఫ్లోట్’ బడి ఓడ ‘కాంకార్డియా’ 2010 ఫిబ్రవరి 17న బ్రెజిల్ తీరానికి దూరంగా మునిగిపోయింది. అందులో ఉన్న 64 మందీ ప్రాణరక్షక తెప్పల్లో రాత్రింబవళ్లు గడిపి బతికి బయటపడ్డారు. ప్రమాదం వస్తే ఏం చేయాలో ముందే సాధన చేసి ఉండటమే వాళ్లకు ఒడ్డు చూపింది.

ఓరుగల్లు ఇచ్చిన అభయం
గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వం రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఓరుగల్లును ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంతో ఆ పద్ధతిని మాన్పించి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటానని వర్తకులకు మాట ఇచ్చాడు. భూపాలపల్లి జిల్లా గణపురం, అక్కడి గణపసముద్రం చెరువు ఆయన పేరు మోస్తున్నవేనని చెబుతారు. సముద్రాన్ని గుండెకు దగ్గరగా పెట్టుకున్న రాజ్యం మనది.

మన పిల్లలకు దారులు
ఎన్‌సీసీలో నౌకా విభాగం ఉంది, అందులో పడవ నడపడం నేర్పుతారు. ఎన్‌సీసీని డిగ్రీలో క్రెడిట్లు వచ్చే ఐచ్ఛిక పాఠ్యాంశంగా చేర్చుకోవచ్చని 2021లో యూజీసీ విశ్వవిద్యాలయాలకు సూచించింది. ఇంటర్ ఎంపీసీ చదివినవారు ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాయవచ్చు. డిప్లొమా ఇన్ నాటికల్ సైన్స్‌లో ఏడాది తరగతి గదిలో, ఆ తర్వాత 18 నెలలు ఓడ మీద శిక్షణ. చూపు, రంగులు గుర్తించే శక్తి బాగుండాలి.

ఓడ ఎక్కే రోజు ఎప్పుడొచ్చినా, మొదటి పాఠానికి ఖర్చు లేదు. సార్లూ, టీచరమ్మలూ! మబ్బులేని ఒక రాత్రి పిల్లల్ని ఊరి చెరువు గట్టుకు తీసుకెళ్లండి. పిడికిలి చాచి ధ్రువ నక్షత్రాన్ని కొలవమనండి. కేసముద్రం పాపకు దొరికే ఆ చుక్కే అట్లాంటిక్ మీది డచ్ పిల్లవాడికీ దారి చూపేది.