వనం వేశారు సరే, నీళ్ళెవరు పోస్తారు?

పొద్దు వాలేవేళకు పల్లెలో నలుగురూ చేరేది ఎక్కడ? ఒకప్పుడు రచ్చబండ దగ్గర. ఊరి నడుమ వేపచెట్టో, రావిచెట్టో, దాని చుట్టూ అరుగు. పంచాయతీ రేడియో ఉన్న ఊళ్ళలో వార్తల వేళకు అక్కడ కూర్చోను చోటుండేది కాదు. అయితే ఆ అరుగు మగవాళ్ళది. ఆడవాళ్ళు బిందె చంకన పెట్టుకొని పక్కనుంచి దాటిపోయేవారు.

2020లో తెలంగాణ పల్లెల్లో ప్రకృతి వనాలు వెలిశాయి. ఊరి ఉమ్మడి భూమిలో కొన్ని గుంటలు మొదలు ఎకరం దాకా చదును చేసి, ఉపాధి హామీ కూలీలతో గుంతలు తీయించి, గ్రామ నర్సరీ మొక్కలు నాటించారు. వేప, కానుగ, జామ, ఉసిరి, గన్నేరు. నడుమ బాట, కూర్చోవడానికి బల్లలు. పట్నం పార్కుల ముందు ఇది ఏపాటి! అయినా చెట్లు ఏపుగా పెరిగిన చోట సాయంకాలం చూడాలి. ముసలివారు నెమ్మదిగా ఒక చుట్టు తిరుగుతారు. బడి వదిలిన పిల్లలు జామకాయలను పండనివ్వరు, అది వేరే సంగతి. కూలినుంచి వచ్చిన ఆడవాళ్ళు బల్లమీద కూర్చుని పొదుపు సంఘం లెక్కలు చూసుకుంటారు. రచ్చబండ మీద దొరకని చోటు వారికి ఇక్కడ దొరికింది.

చిక్కల్లా నీళ్ళతోనే. నాటిన మొక్కల్లో నూటికి 85 బ్రతకాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెబుతున్నది. పంచాయతీ బడ్జెట్‌లో పదోవంతు పచ్చదనానికే కేటాయించాలి. పంచాయతీలకు ట్రాక్టరు, ట్యాంకరు కూడా ఇచ్చారు. కాని ట్రాక్టరు కదలాలంటే డీజిలు కావాలి, డీజిలుకు డబ్బు కావాలి. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల స్థానే ప్రత్యేకాధికారులు వచ్చారు. ఎన్నికైన పాలకవర్గాలు లేక కేంద్ర ఆర్థిక సంఘం నిధులు నిలిచాయి. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేలోగా రెండు వేసవులు గడిచాయి. వేరు లోతుకు దిగిన వేప, కానుగ ఎలాగో తట్టుకుంటాయి. పూలమొక్కలకు అంత ఓపిక ఎక్కడిది? గేటు ఊడిన చోట మిగిలిన పని మేకలు చూసుకుంటాయి.

ఇప్పుడు కొత్త సర్పంచులు వచ్చారు. ఎండలు ముదరకముందే పాదులు తీయించి, మొదళ్ళకు ఎండుటాకులు కప్పించి, గేటు బిగించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. చచ్చిన మొక్కల స్థానంలో వానాకాలం మొదట్లోనే కొత్తవి పెట్టించాలి. ఇక గేటు తాళంచెవి అంటారా, సాయంకాలం అక్కడ కూర్చునే ఆ ఆడవాళ్ళకే ఇచ్చి చూడరాదూ?