క్లారెండన్ బొద్దు అక్షరం: నిర్మాణం, వినియోగం

ఉపోద్ఘాతం

నిఘంటువు తెరిచిన పాఠకుని చూపు ముందుగా ఆరోపం మీద నిలుస్తుంది. వ్యాకరణాంశం, అర్థం, ప్రయోగం ఆ తరువాతివి. ఈ క్రమం సహజంగా తోచినా, దీని వెనుక అచ్చు చరిత్రలోని ఒక ప్రత్యేక ప్రయత్నం ఉంది. వచనంలో కలిసి నడుస్తూనే దానికంటే నల్లగా కనిపించే అక్షరాన్ని ఆ పనికోసమే చెక్కించిన ప్రయత్నమది. 1845లో లండన్‌లోని ఫాన్ స్ట్రీట్ టైపు ఫౌండ్రీ తరఫున రాబర్ట్ బెస్లీ వెలువరించిన ఈ అక్షరశ్రేణి పేరు క్లారెండన్. దాని ఉక్కు అచ్చులను చెక్కినవాడు బెంజమిన్ ఫాక్స్.

అంతకుముందు బొద్దు అక్షరాలు లేవని కాదు. పందొమ్మిదో శతాబ్ది తొలి దశకాల నుంచే నాటక ప్రదర్శనలకూ లాటరీలకూ వేసే గోడపత్రికల్లో భారీ అక్షరాలు వాడుకలో ఉన్నాయి. అదే ఫౌండ్రీని 1820లో విలియం థోరోగుడ్ లాటరీలో గెలిచిన సొమ్ముతో కొన్నాడని అంటారు. లాటరీ ప్రకటనలకు పేరుపడిన అక్షరాలను పోతపోసిన చోటికి ఆ సొమ్మే చేరడం చమత్కారమే. అయితే ఆ అక్షరాలు గోడకు తగినవి, పుటకు కావు. వచనం నడుమ వాటిని పెడితే పంక్తి కుదురు చెడుతుంది. అందువల్ల గ్రంథాల్లో ఒక పదాన్ని ప్రత్యేకించడానికి వాలు అక్షరాలనో, చిన్న పరిమాణపు పెద్దబడి అక్షరాలనో, ప్రాచీన గోతిక్ అక్షరాలనో ఆశ్రయించేవారు.

అక్షరనిర్మాణం

రోమన్ అక్షరాల్లో గీతల కొసలకు ఉండే చిన్న అడ్డుగీతను సెరిఫ్ అంటారు. క్లారెండన్‌కు ముందు వచ్చిన 'ఈజిప్షియన్' అక్షరాల్లో సెరిఫ్ దిమ్మెలా మందంగా ఉండి నిలువు గీతను లంబంగా తాకేది. గీతలన్నీ దాదాపు ఒకే మందంతో ఉండటం వల్ల పుట మీద అవి బరువుగా కనిపించేవి. క్లారెండన్‌లో సెరిఫ్ మందం తగ్గలేదు కాని, అది నిలువు గీతతో కలిసే చోట చిన్న వంపు వచ్చింది. నిలువు గీతలకూ సన్నని గీతలకూ మధ్య మితమైన తేడా నిలిచింది. సి, ఆర్, ఏ వంటి చిన్నబడి అక్షరాల కొసలు గుండ్రని బొట్లుగా ముగుస్తాయి. పెద్దబడి ఆర్ కాలు చివర పైకి తిరుగుతుంది. నలుపు పెరిగినా అక్షరం లోపలి తెలుపు పూడిపోకపోవడమే ఈ నిర్మాణంలోని అసలు నేర్పు.

బెస్లీ ఈ అక్షరరూపాన్ని నాటి బ్రిటిష్ రూపకల్పన చట్టం కింద నమోదు చేయించాడు. రక్షణ మూడేళ్లకే పరిమితం. గడువు తీరగానే ఇతర ఫౌండ్రీలు అనుకరణలు తెచ్చాయి. చివరకు ఆంగ్ల ముద్రాపకుల వాడుకలో 'క్లారెండన్' అంటే బొద్దు అక్షరమనే సామాన్యార్థం స్థిరపడింది. 1884లో తొలి భాగం వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువులో ఆరోపాలు క్లారెండన్ అక్షరాల్లోనే ఉన్నాయి. అమెరికాలో కొయ్య అక్షరాలుగా మారిన దీని వికృతిరూపాలు గోడపత్రికలకు ఎక్కాయి. ఇరవయ్యో శతాబ్దిలో 1953లో స్విట్జర్లాండ్‌లో హెర్మన్ ఐడెన్‌బెంజ్ దీన్ని పునరుద్ధరించాడు. అమెరికా జాతీయ ఉద్యానవనాల సూచికఫలకాల మీదా ఇది చాలాకాలం కనిపించింది.

తెలుగు అచ్చులో బొద్దు అక్షరం

తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి భేదం లేదు. వాలు అక్షరాలకు రోమన్‌లో వలె ప్రత్యేక లేఖన సంప్రదాయమూ లేదు. ఉన్న అక్షరాన్నే పక్కకు వంచడం జరుగుతుంది. కనుక ఆంగ్లంలో మూడు నాలుగు సాధనాలు పంచుకునే పని తెలుగులో చాలావరకు బొద్దు అక్షరం ఒక్కదాని మీదే పడుతుంది. 1852 నాటి బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వంటి ద్విభాషా నిఘంటువులో లిపిభేదమే ఆరోపాన్ని వేరుచేస్తుంది. శబ్దరత్నాకరం వంటి ఏకభాషా నిఘంటువుకు ఆ వెసులుబాటు ఉండదు. మూలపద్యం, ప్రతిపదార్థం, తాత్పర్యం, పాఠాంతరాలు ఒకే పుటలో ఇమడవలసిన పరిష్కృత గ్రంథాలదీ ఇదే స్థితి.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. కంప్యూటర్‌లో ఎంచుకున్న ఫాంటుకు బొద్దురూపం లేకపోతే, సాఫ్ట్‌వేర్ చాలాసార్లు మామూలు అక్షరపు అంచులను అన్ని వైపులా ఉబ్బిస్తుంది. గుండ్రని గీతలతో, ఇరుకైన ఖాళీలతో ఉండే తెలుగు అక్షరానికి ఇది ప్రమాదకరం. ర, ఠ అక్షరాల భేదం లోపలి చుక్కలో ఉంది. ధ, థ అక్షరాలకూ అంతే. వత్తులో ఆ చుక్క మరీ చిన్నదవుతుంది. చుక్క పూడితే 'అర్థం' 'అర్ధం'గా కనిపిస్తుంది. వచనంలో సందర్భం ఆదుకోవచ్చు. నిఘంటువులో మాత్రం ఆరోపమే వర్ణక్రమానికి ప్రమాణం, దాన్ని సరిచూసుకోవడానికే పాఠకుడు అక్కడికి వస్తాడు.

బొద్దు అక్షరం మామూలు అక్షరం ఉబ్బగా ఏర్పడేది కాదు, వేరుగా గీయవలసినది. క్లారెండన్ నిర్మాణం చూపేది ఇదే. తెలుగులో అలా గీసేటప్పుడు వత్తుల లోపలి తెలుపును కాపాడేందుకు గీత మందాన్ని అక్కడక్కడ తగ్గించక తప్పదు. నోటో సెరిఫ్ తెలుగు వంటి ఫాంట్లలో వేర్వేరు మందాల రూపాలు అందుబాటులో ఉన్నాయి. సిద్ధాంతగ్రంథానికో పరిష్కరణకో ఫాంటు ఎంచుకునేవారు 'అర్థం', 'అర్ధం', 'కఠినం', 'స్థితి' అనే నాలుగు మాటలను అధస్సూచిక పరిమాణంలో, బొద్దురూపంలో కాగితం మీద అచ్చుతీసి చూస్తే చుక్క మిగిలిందో లేదో తెలిసిపోతుంది.